భీమిలి తీరమున మూడు గంటలు

విశాఖపట్టణమునుండి విజయనగరమునకు పోవువారు సాధారణముగా జాతీయరహదారి పట్టుదురు. కాని ఆ మాఘమాసమున బంధువుల పెండ్లికి బయలుదేరిన ఒక మేనమామయు, ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆయన మేనల్లుడును సముద్రతీరపు బాటనే పోవ నిశ్చయించుకొనిరి. ముహూర్తము రాత్రికి, మధ్యాహ్నభోజనమునకు అందుకొన్న చాలును. నడుమ భీమునిపట్టణమున మూడు గంటలు ఆగి, ఒడ్డునుండి సముద్రములోనికి గాలము వేయవలెనని బాలుని కోరిక. రెండేండ్లనుండి అడుగుచుండగా మామయ్య ఈసారి సరే యనెను.

ఆయన బ్యాంకు ఉద్యోగి. ఏ పనికైనను ముందు కాగితముపై లెక్క వేయనిదే కదలడు. పది దినములు ముందుగనే ఒక నోటుపుస్తకము తెరచెను. “ఇంటినుండి ఎన్ని గంటలకు కదలుదము, మామయ్యా?” అని బాలుడడిగెను.

“అది తరువాత. ముందు సముద్రము ఎన్ని గంటలకు వచ్చునో చూతము.”

సముద్రమునకును వేళలు కలవు. ఒక పోటునకును మరియొక పోటునకును నడుమ ఇంచుమించు 12 గంటల 25 నిమిషములు పట్టును. కావున నేటి పోటు రేపు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. అమావాస్యకు, పూర్ణిమకు దగ్గరి దినములలో పోటు పెద్దది. అష్టమి ప్రాంతమున చిన్నది. విశాఖతీరమున పెద్దపోటు దినములలో నీరు ఎక్కినప్పటికిని దిగినప్పటికిని గల భేదము ఇంచుమించు ఒకటిన్నర మీటరు. వినుటకిది స్వల్పమే. కాని వాలు తక్కువగానున్న ఇసుకపై ఆ కొంచెపు ఎత్తే నీటిని ఎన్నో గజములు ముందునకు త్రోయును. ఆ నీటివెంట చేపయు వచ్చును. తడియిసుకలో దాగిన చిన్న ఎండ్రకాయలను, పురుగులను తినుటకు అది ఒడ్డునకు చేరుట ఎక్కువగా నీరు ఎక్కుచున్నప్పుడే.

ఆ తదియనాడు పోటు పదిన్నర ప్రాంతమునకు నిండునని పట్టిక తెలిపెను. కనుక ఎనిమిదింటికి గాలము నీటిలో పడవలెను. ఆరున్నరకు ఇల్లు కదలవలెను. ప్రయాణపు లెక్క ఇట్లు వెనుకనుండి ముందునకు నడచినది.

అలల ఎత్తును, గాలివేగమును ముందుగా తెలుపు సంస్థ హైదరాబాదున కలదు. అది 1999 లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవాకేంద్రము. సముద్రమునకు అంత దూరముననున్న ఊరు సముద్రపు జాడ చెప్పుట వింతయే! బయలుదేరు ముందు దానిని చూడవలెనని మామయ్య వ్రాసికొనెను. పిదప సామగ్రి: పదకొండడుగుల గాలపుకర్ర, తంగూసు, సీసపుగుండ్లు, ఎరకు రొయ్యలు, పట్టకారు, పాతగుడ్డ, త్రాగునీరు. స్థలము బాలుడు నిర్ణయించెను. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రాగుహల మీదుగా వచ్చు గోస్తనీనది భీమిలివద్ద సముద్రమున కలియును. నదీముఖమున చేపలు చేరునని అతడెచ్చటనో చదివెను. అది అబద్ధము కాదు.

అన్నిటికి అడుగున మామయ్య ఒక పంక్తి వ్రాసి దానిక్రింద రెండు గీతలు గీసెను: “మోకాలు దాటిన నీట నిలువరాదు.” బాలుడు నవ్వెను.

“ఈత వచ్చినవారికి కూడనా, మామయ్యా?”

“నేను తొమ్మిదవ తరగతిలో నుండగా కార్తికపూర్ణిమనాడు నలుగురము సముద్రస్నానమునకు పోతిమి. ముగ్గురము తిరిగి వచ్చితిమి. రానివాడే మాలో మేటి ఈతగాడు.”

బాలుడు మరి నవ్వలేదు.

ఆ ఉదయమున తీరపుబాట మిక్కిలి రమణీయముగా నుండెను. రుషికొండ, తొట్లకొండమీది బౌద్ధారామ శిథిలములు, మంగమారిపేట వద్ద సముద్రము తొలిచిన శిలాతోరణము, ఆవల ఎర్రమట్టి దిబ్బలు. అన్నిటికడను ఆగవలసినదే, కాని పోటు ఆగదు. భీమిలి 17వ శతాబ్దిలో డచ్చివారు వర్తకము నెరపిన రేవు. వారి సమాధులు నేటికిని అచ్చట కలవు. బాలుని ధ్యాస వానిపై లేదు.

నదిమొగవద్ద ఒక ముసలిజాలరి వల బాగుచేసికొనుచుండెను. వీరి గాలపుకర్రను చూచి, “ఇచ్చట దిగకుడు, బాబూ!” అనెను.

“ఇచ్చట చేపలుండవా, తాతా?” అని బాలుడడిగెను.

“ఉండకేమి, నాయనా! కాని ఈ ఇసుకకు నిలుకడ లేదు. నిన్నటి గట్టు నేడుండదు. నీరు తీయునప్పుడు ఏటివడియు, సముద్రపువడియు ఒక్కటై లాగును.” ఇట్లని వల ప్రక్కకు పెట్టి, తానే లేచి వారిని దక్షిణముగా కొంతదూరము తీసికొనిపోయెను.

పది దినముల లెక్క ఒక్క మాటతో తప్పిపోయినందుకు బాలుని ముఖము చిన్నబోయెను. నడచుచు నడచుచు అతడు చటుక్కున నిలిచెను. రెండు వైపులను కెరటములు తెల్లగా విరుగుచుండగా, నడుమ ఇరువది గజములమేర నీరు నున్నగా, ప్రశాంతముగా నుండెను. “తాతా, అదిగో! అచ్చట అలలే లేవు. దిగి వేయుటకు అదియే మంచిచోటు.”

వృద్ధుడు బదులు చెప్పలేదు. ఒడ్డున పడియున్న ఒక ఎండు కొబ్బరిడొక్కను తీసి ఆ నున్నని నీటిలో విసరెను. ఇతరస్థలములలో నైనచో కెరటము దానిని తిరిగి తెచ్చి కాళ్ళకడ వేయవలసినది. ఇది అట్లు రాలేదు. త్రాడుకట్టి లాగినట్లు తిన్నగా లోనికి సాగి, కొంతసేపటికి తెల్లని నురుగు దాటిపోయెను.

“అలలు మోసితెచ్చిన నీరు మరల పోవలెను గదా, నాయనా! ఇసుకమెట్టల నడుమ గండి యున్నచోట పోవును. అచ్చట లోతు కనుక అల విరుగదు. చూచుటకు నెమ్మదిగా నుండును.”

“దానిలో చిక్కినచో?”

“ఒడ్డునకు ఎదురీదరాదు, బలము చాలదు. ఒడ్డువెంబడి ప్రక్కకు ఈదవలెను. అల విరుగుచోటు చేరినచో అలయే తెచ్చి వేయును.”

మామయ్య కొబ్బరిడొక్క పోయినవైపే చూచుచుండెను. చాలసేపటికి, “ఆనాడు మేము దిగినదియు ఇట్టిచోటనే. అలలు లేవని ఎంచుకొంటిమి. వాడు ఒడ్డువైపే ఈదెను. మేము ‘ఇటు రా, ఇటు రా’ యని పిలుచుచునే యుంటిమి” అనెను.

“మీకు తెలియదు, బాబూ” అని వృద్ధుడు మెల్లగా పలికి, ఎర గ్రుచ్చుటకు కూర్చుండెను.

అలలు విరుగు ఒక మెట్టకు ఎదుట వారు గాలము వేసిరి. క్రొత్తవారందరివలె బాలుడును మొదట బలము కొలది దూరముగా విసరెను. ఒడ్డునకు, మెట్టకు నడుమనున్న పల్లమే చేప తిరుగు బాట. ఎంత దూరము విసరిన అంత పెద్దచేప పడునను భ్రమతో పలువురు దానిని దాటించి వేయుదురు. తాత చెప్పినపిదప గాలము దగ్గరలో పడెను. తొమ్మిది గంటలకు కర్రకొన వణకినది. బాలుడు కేకవేసి లాగగా వచ్చినది జెల్ల! దాని వీపున ఒక ముల్లు, ప్రక్కరెక్కలకు రెండు ముండ్లు, గ్రుచ్చుకొన్నచో విషపుబాధ. అతడు చేయి చాచుచుండగా తాత ఆపి, పాతగుడ్డతో అదిమిపట్టి గాలము తీసెను. పిదప అరచేయంత గొరక పడినది. “పిల్లది, విడిచిపెట్టు” అనగా బాలుడు మనసు చంపుకొని విడిచెను. నీరు నిండువేళకు మరియొకటి, మూరెడు గొరక పడెను. దానిని వారు తాతకే ఇచ్చిరి. పెండ్లివారింటికి చేపను కొనిపోలేరు గదా!

పదకొండు కాగానే మామయ్య గడియారము చూచెను. “ఇంకొక్కసారి, మామయ్యా!” అని బాలుడు బ్రతిమాలెను. ఆయన కాదనలేదు. తాను మాత్రము చెప్పులు విడిచి, తాత ప్రక్కన చీలమండలు తడియునంత నీటిలో నిలిచెను.

కారెక్కిన పిదప బాలుడు నోటుపుస్తకము తెరచి, రెండు గీతల పంక్తిక్రింద కొబ్బరిడొక్క పోయిన త్రోవను బొమ్మగా గీచి, దాని ప్రక్కగా తీరము వెంబడి ఒక బాణపుగుర్తు పెట్టెను. మామయ్య దానిని చూచి, వెంటనే కారు కదలింపక కొంతసేపు ఊరకుండెను. వారు విజయనగరము చేరునప్పటికి పెండ్లివారింట రెండవ పంక్తి లేచుచుండెను.