రెండు మానికలు

మా ఊరి పటేలింట్లో రెండు మానికలుండేవి. ఇచ్చేదొకటి, తీసుకునేదొకటి. కల్లంలో మా నాయనకు కూలి గింజలు కొలిచే మానికకు అడుగు సొట్టపోయి లోపలికి పొంగి ఉండేది. అప్పు గింజలు తిరిగి కొలుచుకునేటప్పుడు వేరే మానిక బయటికొచ్చేది. దానికి సొట్ట లేదు, పైగా శిగ పోయాలె. రెండింటి పేరూ మానికే. నాలుగు సోలలు ఒక మానిక అని బడిలో పంతులు చెప్పిన లెక్క మా మాదిగింట్లో ఒక్క ఏడు కూడా కుదరలేదు. "ఎంత కొలిసిండ్రని కాదు బిడ్డా, ఏ మానికతోని కొలిసిండ్రో సూడు" అనేటోడు నాయన.

ఇప్పుడు రోగాలకు కూడా కొలత వచ్చింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మా పాలమూరు ఒకటి. తక్కినవి అనంతపురం, శ్రీకాకుళం. తెల్లకార్డున్న ఇంటికి ఏడాదికి 1,50,000 రూపాయలు, మరీ అవసరమైతే ఇంకో 50,000 దాకా ఆస్పత్రి ఖర్చు పెట్టే బీమా. ప్రీమియం మనం కట్టేది లేదు. కార్పొరేట్ దవాఖాన గడప మాదిగోళ్ల కాళ్లు తొక్కుతాయని మా ముసలోళ్లు కలలో కూడా అనుకోలేదు. అబద్ధమెందుకు, మా వాడలో గుండెకు రంధ్రమున్న పిల్లగానికి ఆ కార్డు మీదనే ఆపరేషన్ అయింది. వాడిప్పుడు ఆటో నడుపుతున్నడు. కార్డు లేకపోతే వాడు లేడు. ఆ మాట ముందు చెప్పాలె.

తర్వాత మా అక్క మాట.

అక్కకు పదమూడేండ్లకే పెండ్లయింది. ఇద్దరు పిల్లలు, ఇరవైకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్. పొద్దుందాక పత్తి చేన్లో వంగి పని. చాటుకు పోవడానికి చెట్టు లేదు, కడుక్కోవడానికి నీళ్లు లేవు. తెల్లబట్ట, నడుం నొప్పి. 2009లో టౌన్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు పోతే డాక్టరమ్మ కడుపు మీద చెయ్యి కూడా పెట్టలేదు. స్కానింగ్ కాయితం చూసి, "గర్భసంచి తీసేయాలి, లేకపోతే క్యాన్సర్ అయితది. కార్డుంది కదా, పైసా ఖర్చు లేదు" అన్నది. గోలీలతో తగ్గుతుందేమో చూద్దామని ఎవరూ అనలేదు. గోలీలకు ప్యాకేజీ లేదు మరి. కోస్తేనే పైసలు. అక్కకు అప్పుడు ఇరవై ఏడేండ్లు.

కొన్నాళ్లకు అక్క పేరు మీద ఉత్తరమొచ్చింది. నీ వైద్యానికి ఇంత ఖర్చు పెట్టినమని అందులో ఉంది. నేను చదివి వినిపించిన.

"గవన్ని నాకిచ్చిండ్రానే?"

"నీకు కాదక్కా, దవాఖానకు."

"మరి నాకెందుకు రాసిండ్రే?"

ఆ కాయితంలో అక్క ఒక సక్సెస్. ఒక కేసు, ఒక ఆపరేషన్, ఒక అంకె. ఏడాది తిరగకముందే ఒళ్లంతా మంటలు, చెమటలు, నిద్ర లేదు, కీళ్లు పట్టేసినయి. వంగి పత్తి ఏరలేని మనిషికి సగం కూలి. ఎముకల గోలీలకు నెలనెలా మెడికల్ షాపులో చేతి పైసలు. ఇవి ఏ రిజిస్టర్‌లో రాసుకున్నరు?

ఇది మా అక్క ఒక్కదాని కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అన్నీ కార్డు మీద జరిగినవి కావు, అప్పు చేసి చేయించుకున్నోళ్లు మా వాడలోనే ఉన్నరు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో బీమా సొమ్ము కోసం అక్కర లేకున్నా గర్భసంచులు తీసిండ్రన్న ఆరోపణల మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇట్లాంటి ఆపరేషన్ల మీద నిఘా పెట్టమని 2023లో కోర్టు రాష్ట్రాలకు చెప్పింది.

ఎన్ని లక్షల మందికి కార్డులు, ఎన్ని కోట్ల ఖర్చు, ఎన్ని ఆపరేషన్లు - సర్కారు మానిక ఇది. మా మానిక వేరే ఉంటది. ఆ కోత నిజంగా కావాలెనా? ఇంకో డాక్టరుకు చూపించుకోనిచ్చిండ్రా? పైసా ఖర్చు లేదన్నరు, మరి బస్సు చార్జీ, తోడొచ్చినామె పోగొట్టుకున్న కూలి ఎంత? ఏడాది తర్వాత మనిషి చేన్లో నిలబడ్డదా? డాక్టరు చెయ్యి మనిషిని తాకిందా? ఈ చివరిది చదువుకున్నోళ్లకు నవ్వొస్తదేమో. తాకనితనం ఎరిగినోళ్లకు రాదు. ఒక బీమా మంచిదా చెడ్డదా అని ఇవన్నీ అడగకుండా ఎట్ల చెప్తరు?

2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. అక్క టీవీలో చూసి నన్నడిగింది:

"పది లక్షలంటే నా గోలీలొస్తయానే?"

"గోలీలు రావక్కా. దవాఖానల పండుకుంటెనే."

"పండుకుంటె కూలెవరిస్తరే?"