మూడు లైన్లు

ఆర్ఎం, స్పేస్, స్టార్, డాట్, పీవై. ఎంటర్.

చివర్లో "సీ" ఒక్కటి మర్చిపోయాను. తీసేద్దామనుకున్నది పీవైసీ ఫైళ్ళని, తీసేసింది పీవై ఫైళ్ళని. అంటే అసలు కోడ్‌నే. తమాషా ఏంటంటే పీవైసీ ఫైళ్ళు ఆ ఫోల్డర్‌లో ఒక్కటి కూడా లేవు, అవి లోపల పైకాష్ అనే ఇంకో ఫోల్డర్‌లో ఉంటాయి. సరిగ్గా టైప్ చేసుంటే ఏమీ అయ్యేది కాదు.

గురువారం, రాత్రి పదకొండున్నర. సోమవారం మినీ ప్రాజెక్ట్ రివ్యూ. గిట్‌లో పెట్టలేదు (తిట్టుకోండి, పర్లేదు). మెయిన్ ఫైల్ నాది, అరగంటలో మళ్ళీ రాసేశాను. బిల్ అనే రెండో ఫైల్, హాస్టల్ మెస్ బిల్లు లెక్కకట్టేది, నా పార్టనర్ రాసింది. వాడికి ల్యాప్‌టాప్ లేదు. ల్యాబ్‌లో కొంత, నా దాంట్లో కొంత, అంతా ఒకే పెన్‌డ్రైవ్ మీద రాశాడు. ఇప్పుడా పెన్‌డ్రైవ్‌లోనే తీసేశాను. వాడు పక్క మంచం మీద నిద్రపోతున్నాడు.

పైకాష్ మాత్రం మిగిలింది. పైథాన్ మన కోడ్‌ని ముందు బైట్‌కోడ్‌గా మార్చుకుంటుంది కదా, ఇంపోర్ట్ చేసిన ఫైళ్ళ బైట్‌కోడ్‌ని అక్కడ దాచుకుంటుంది, ఏ వెర్షన్‌దో పేరులోనే రాసి. మాకు రెండున్నాయి. ల్యాబ్‌లో పైథాన్ 3.8 కాబట్టి 38ది ఒకటి, రెండు వారాల పాతది. నా ల్యాప్‌టాప్‌లో 3.12, దానిది ఆ సాయంత్రందే.

312 ఫైల్‌ని బయటికి తెచ్చి బిల్ అని పేరు మార్చాను. ప్రోగ్రామ్ నడిచింది! వాడికి చెప్పక్కర్లేదేమో అని ఒక్క నిమిషం అనిపించింది, అబద్ధమెందుకు. కానీ ఫైల్ తెరిస్తే చదవడానికి ఏముంది?

38 ఫైల్‌ని కూడా అలాగే చేసి చూశాను. బ్యాడ్ మ్యాజిక్ నంబర్ అంది. ప్రతి పీవైసీ మొదట్లో ఒక నంబర్ ఉంటుంది, 3.8కి 3413, 3.12కి 3531. అది కలవకపోతే పైథాన్ ఇక ముందుకు చదవదు. జావాలో ఇంత పట్టింపు లేదు, జావా 8లో కంపైల్ చేసిన క్లాస్ ఫైల్‌ని కొత్త జేవీఎం కూడా నడుపుతుంది. పైథాన్‌వాళ్ళేమో బైట్‌కోడ్ మా లోపలి వ్యవహారం, వెర్షన్ వెర్షన్‌కీ మారొచ్చు అని డాక్యుమెంటేషన్‌లోనే రాసి పెట్టారు. ఒకటే కోడ్, ఒకటే జవాబు, మధ్యలో ఏముంటే ఏంటి అనుకునేవాణ్ణి నేను.

పొద్దున చెప్పాను. "నిజంగానా రా?" అన్నాడు. ఇంకేం అనలేదు. తిట్టుంటే బాగుండేది.

శనివారం ల్యాబ్‌లో కూర్చున్నాం. అన్‌కంపైల్6 అనే టూల్ 3.8 వరకూ చదవగలదు, పాత ఫైల్ దాదాపు మొత్తం కోడ్‌గా తిరిగొచ్చింది. ల్యాబ్‌లో ఇంకా ఈ పాత వెర్షన్ ఏంటని ఎన్నిసార్లు విసుక్కున్నానో! కానీ గెస్ట్ భోజనాల లెక్క వాడు తర్వాత కలిపాడు, అది 312లోనే ఉంది. దాన్ని మేమే చదవాలి. మొదటి 16 బైట్లు వదిలేసి, మిగతాది మార్షల్‌తో తీసి, డిస్ మాడ్యూల్‌కి ఇచ్చాం.

రెండు స్క్రీన్లూ పక్కపక్కన పెట్టుకున్నాం. గుణకారానికి 3.8లో బైనరీ మల్టిప్లై అని ఉంటుంది, చదివితే తెలిసిపోతుంది. 3.12లో అది లేదు. కూడికైనా గుణకారమైనా ఒకటే, బైనరీ ఆప్, పక్కన నంబర్. 0 కూడిక, 5 గుణకారం, 10 తీసివేత. 3.11లో వేగం కోసం చేసిన మార్పుల్లో ఇదొకటి. నడుస్తూ నడుస్తూ, ఇక్కడ ఎప్పుడూ ఇంటీజర్లే వస్తున్నాయని గమనిస్తే, ఆ ఇన్‌స్ట్రక్షన్‌ని ఇంటీజర్ల కోసమే ఉన్నదిగా అప్పటికప్పుడు మార్చేసుకుంటుందట. లిస్ట్ కాంప్రహెన్షన్ కోసమైతే గంట వెతికాం. 3.8లో అది విడిగా చిన్న ఫంక్షన్‌లా కనపడుతుంది. 3.12లో పెద్ద ఫంక్షన్ లోపలే మామూలు లూప్‌లా కలిసిపోయి ఉంది.

నేను చదివాను, వాడు టైప్ చేశాడు. వేరియబుల్ పేర్లు వచ్చాయి. "పండక్కి ఊరెళ్ళినోళ్ళకి ఆ రోజులు వెయ్యకూడదు" అని వాడు తెలుగులో రాసిన డాక్‌స్ట్రింగ్ కూడా అక్షరం పోకుండా వచ్చింది. కామెంట్లు రాలేదు. ఏ వెర్షన్‌లోనూ కామెంట్లు బైట్‌కోడ్‌లోకి వెళ్ళవు.

వాడు పది దాకా తెలుగు మీడియం, కామెంట్లన్నీ తెలుగులోనే రాసేవాడు. "కోడ్‌లో తెలుగేంట్రా, సార్ నవ్వుతారు" అనేవాణ్ణి. నిజానికి నాకు కూడబలుక్కుని చదవాల్సొచ్చేది, అదీ సంగతి.

డిస్ ఎడమపక్కన లైన్ నంబర్లు చూపిస్తుంది. గెస్ట్ లెక్కలో 41 తర్వాత 45 వచ్చింది. 45లో రేటుని 1.5తో గుణిస్తోంది.

"1.5 ఎందుకురా?"

"ఆదివారానికి. మెస్ అన్న చెప్పాడు. ఎలా చెప్పాడో అలాగే పైన మూడు లైన్లు రాశా." కాసేపు ఆలోచించాడు. "ఇప్పుడు గుర్తులేదు."

ఆ మూడు లైన్లూ ఖాళీగా వదిలేశాం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్న గిన్నెలు సర్దుతుంటే వెళ్ళి అడిగాం. చికెన్ కూర గురించీ, రెండోసారి అడిగే చుట్టాల గురించీ చాలాసేపు చెప్పాడు. ఈసారి టైప్ చేసింది నేను, తెలుగులోనే. "లెక్క"కి వత్తు ఎలా కొట్టాలో వాడు చూపించాడు. నాలుగు లైన్లయ్యాయి.