హోటలు భోజనము

మనుష్యుడు తన యింట భుజించునప్పుడు గృహస్థుడు. పరుల యింట భుజించునప్పుడు అతిథి. హోటలులో భుజించునప్పుడు మాత్రము తానెవరో తనకే స్పష్టముగా తెలియదు. సొమ్మిచ్చుచున్నాడు గనుక కొనువాడనవలెను. తాను కూర్చుండగా ఒకరు వచ్చి వడ్డించుచున్నారు గనుక అతిథి యనవలెను. హోటళ్ళలో మనము పడు చిక్కులలో సగము ఈ రెండు పేర్ల నడుమ పుట్టినవే. మరల కూర యడిగితిమా, మనము వట్టి కొనువారము. "ప్లేటు మీల్సుకు రెండోసారి లేదండీ" యను సమాధానము సిద్ధముగా నుండును. తిరిగి రావలసిన చిల్లర యడిగితిమా, వెంటనే అతిథుల మగుదుము. మూడు రూపాయల కొఱకు ఇంత పెద్దమనుష్యులు పట్టుబట్టుదురా యన్నట్లు యజమాని మన ముఖము చూచును.

వండిన యన్నము నమ్ముట బ్రాహ్మణునకు తగదని మనుస్మృతి నిషేధించినది. నిషేధమున్న చోటనే వ్యాపారము సాగుట లోకరీతి. క్రీడాభిరామమునందు ఓరుగంటి పూటకూటి యిల్లు మనకు కనబడును. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము చదివినవారు పూటకూళ్ళమ్మను ఆమె చీపురుకట్టను మఱవజాలరు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వెల పుచ్చుకొనక వచ్చినవారి కెల్ల అన్నము పెట్టిరి. అట్టి యిల్లాలు యుగమున కొకరు పుట్టుదురు. మనకు మాత్రము దినమునకు రెండు మార్లు ఆకలి పుట్టును. కావున వెలకు పెట్టు అన్నమును నీచముగా చూడరాదు. రెస్టారెంటను పరాసు మాటకు సత్తువ నిచ్చునది యని యర్థము. 18వ శతాబ్దమున పారిసులో నీరసించినవారికి అమ్మిన మాంసరసమున కది పేరు. పిమ్మట ఆ రసము నమ్ము అంగడికే పేరైనది. సత్తువ నిచ్చి పంపుట ఈ వృత్తికి ధర్మము. ఉన్న సత్తువను తీసికొని పంపుట తఱచు మన యనుభవము.

మేమున్న ప్రాంతమున ఈ విషయమును పరిశీలించుటకు చింతూరును మించిన చోటు లేదు. శబరీనది చెంత నున్న యీ యూరు త్రోవల కూడలి. ఒక త్రోవ భద్రాచలమునకు, ఒకటి కుంట మీదుగా ఛత్తీసుగఢులోనికి, ఒకటి ఒడిశాలోని మల్కనగిరి వైపునకు, మఱియొకటి మారేడుమిల్లి ఘాటు దిగి రాజమహేంద్రవరమునకు పోవును. 2014 వఱకు ఖమ్మము జిల్లాలో నుండి, ఆ సంవత్సరమున రాష్ట్రవిభజనతో తూర్పు గోదావరి జిల్లాలో చేరిన యూరిది. లారీ నడుపువారు, బస్సు ప్రయాణికులు, కొండలు చూడవచ్చిన పట్టణవాసులు, గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయమునకు అర్జీలు పట్టుకొని వచ్చినవారు, చింతపండును చీపుళ్ళను సంతకు మోసికొని వచ్చిన కోయలు—అందఱును ఆ కొద్ది హోటళ్ళలోనే కూర్చుండవలెను. అందఱి ఆకలి యొక్కటే. హోటలువారి చూపు మాత్రము అందఱి యెడ ఒక్కటి కాదు. ఆ మాటకు వచ్చుటకు ముందు చిన్న బాధలను చెప్పి ముగింతుము.

మొదటిది గుడ్డ. బల్ల తుడుచుటకు తెచ్చు గుడ్డ తెల్లవాఱినది మొదలు ఊరి యెంగిలి నంతయు మోసికొని తిరుగుచుండును. అది తుడిచిన పిమ్మట బల్ల తడియునే గాని శుభ్రపడదు. రెండవది వ్రేళ్ళు. నాలుగు గ్లాసుల నీళ్ళు ఒక్క చేత తెచ్చు నేర్పు మెచ్చదగినదే. ఆ నాలుగు వ్రేళ్ళును నాలుగు గ్లాసులలో మునిగి యుండుటయే మెచ్చరానిది. మూడవది పట్టిక చదువుట. ఇడ్లీ, వడ, పూరీ, దోసె, ఉప్మా, పెసరట్టు అని సర్వరు సంకల్పము చెప్పినట్లు ఒక్క యూపిరిలో చదువును. పెసరట్టు తెమ్మన్నచో "అయిపోయింది సార్" అనును. అయిపోయినదానిని చదువనేల? నాలుగవది వెనుక నిలుచువాడు. జనము క్రిక్కిరిసిన వేళ ఒకడు మన కుర్చీ వెనుక చేయి వేసి నిలిచి, విస్తరిలో నెంత మిగిలినదో లెక్కించుచుండును. మనము మజ్జిగ పోసికొనుట చూచిన తోడనే వాని ముఖము వికసించును. ఐదవది బస్సు. పది నిమిషములని కండక్టరు చాటును. దోసె వచ్చునప్పటికి తొమ్మిది గడచును. మొదటి ముక్క నోట పెట్టగనే హారను మ్రోగును. ఆ దోసె రుచి యెట్టిదో నేటి వఱకు మాకు తెలియదు.

వీనిలో నవ్వి యూరకుండదగినవి కొన్ని. ఊరకుండదగనివి వేఱు. అందు నూనె యొకటి. ఒకే నూనెను మరల మరల కాచినచో అది విఱిగి, ఒంటికి కీడు చేయు పదార్థములు అందు పుట్టును. అట్టి ధ్రువ సమ్మేళనములు 25 శాతము మించిన నూనెను వాడరాదని 1 జూలై 2018 నుండి నియమము అమలులోనికి వచ్చినది. కొలుచు పరికరము మన జేబులో నుండదు గాని, కన్ను కలదు. నూనె నల్లబడి, చిక్కబడి, నురుగు కట్టి పొగలు చిమ్ముచుండగా అందు వేగిన బజ్జీని కొనకుండుటకు శాస్త్రజ్ఞానము అక్కఱలేదు.

వెల మఱియొకటి. గోడమీద ధరల పట్టిక లేని హోటలులో భోజనము ముగిసిన పిమ్మట వెల పుట్టును. అది తినినవాని చొక్కాను బట్టి పెరుగును. నగరములలో నీ విద్య నాగరికమై సేవారుసుమను పేరు దాల్చినది. అడుగకయే దానిని బిల్లులో చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 4 జూలై 2022న మార్గదర్శకములు వెలువరించినది. హోటలు సంఘములు వ్యాజ్యమాడగా ఢిల్లీ ఉన్నత న్యాయస్థానపు ఏకసభ్య ధర్మాసనము 28 మార్చి 2025న ఆ మార్గదర్శకములనే సమర్థించినది. సంతోషించి యిచ్చునది బహుమానము. బిల్లులో వ్రాసి పుచ్చుకొనునది బహుమానము కాదని న్యాయస్థానము చెప్పకున్నను మన యిండ్లలోని పిల్లలకు సహితము తెలియును.

యజమాని పక్షమున చెప్పవలసినదియు కలదు. చింతూరులో బియ్యమునుండి గ్యాసుబండ వఱకు సరకు ఘాటు త్రోవనో, భద్రాచలపు త్రోవనో దూరము నడచి రావలెను. 2022 జూలైలో వలె గోదావరి పొంగి శబరి వెనుకకు తన్నిన నాడు త్రోవయే యుండదు. అట్టి చోట ఇడ్లీ వెల రెండు రూపాయలు హెచ్చినదని తగవులాడుట న్యాయము కాదు. ఆ వెల పలకమీద వ్రాసి, అందఱివద్దను ఒక్కటే పుచ్చుకొనుమని కోరుట న్యాయము.

చింతూరు హోటళ్ళలో మాకు వింతగా తోచునది మఱియొకటి కలదు: అచ్చట చింతూరు కానరాదు. అడ్డాకు ఈ కొండలలోని తీగది. ఆ యాకులు కుట్టిన విస్తళ్ళలో మైదానపు పెండ్లివారు తరతరములుగా భుజించిరి. అవి పుట్టిన చోట మాత్రము ప్లాస్టిక్కు పూత పూసిన పళ్ళెములు దర్శన మిచ్చును. ప్లాస్టిక్కు పళ్ళెములను గ్లాసులను చెంచాలను 1 జూలై 2022 నుండి దేశమంతట నిషేధించినను అడ్డాకు తిరిగి బల్ల యెక్కలేదు. చోడి అంబలి, సామల యన్నము కోయల యిండ్ల ఆహారము. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపిన పిమ్మట నగరపు హోటళ్ళు వానినే హెచ్చు వెలకు అమ్ముచున్నవి. ఇచ్చటి పలకలమీద నున్నవి ఫ్రైడు రైసును నూడిల్సును. ఊరి తిండికి ఊరి హోటలులో చోటు లేదు. ఆ తిండి తినువారికి చోటున్నదా యనునదియే మా ప్రశ్న.

ఒక సంతనాడు ఒక హోటలులో మేము చూచిన సంగతి చెప్పెదము. మాతోపాటే ఒక కోయ వృద్ధుడు మనుమని చేయి పట్టుకొని లోనికి వచ్చెను. యజమాని మాతో "రండి సార్, ఏం తీసుకుంటారు?" అనెను. ఆయనతో "ఏరా, డబ్బులున్నాయా?" అనెను. ఆ వృద్ధుడు మాఱుమాటాడక పంచె ముడి విప్పి, నోట్లు బల్లమీద పెట్టి, అవి లెక్కింపబడు వఱకు నిలుచుండి పిమ్మట కూర్చుండెను. మనుమడు తాతను చూచి తానును నిలుచుండెను. మేమును సొమ్ము తీసి బల్లమీద పెట్టితిమి. "అయ్యో, మీ దగ్గర ముందు తీసుకుంటామా సార్!" అని యజమాని నొచ్చుకొనెను. "ఆయనవద్ద తీసికొంటిరి గదా" యంటిమి. "వాళ్ళకు అలవాటే సార్" అనెను. మాకు టీ గాజు గ్లాసులో వచ్చినది. వారికి కాగితపు గ్లాసులో వచ్చినది. అదియు అలవాటే కాబోలు.

స్వాతంత్ర్యమునకు పూర్వము మన పట్టణములలోని కాఫీ హోటళ్ళలో బ్రాహ్మణులకు వేఱు గదు లుండెడివి. కొన్ని కులములవారు వీధిలోనే నిలిచి త్రాగవలసి యుండెడిది. రాజ్యాంగపు 15వ అధికరణము మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము కారణముగా ఎవరిని గాని హోటళ్ళలోనికి రానీయకుండుట తగదని శాసించినది. అస్పృశ్యత పేర హోటలు పాత్రలను వాడనీయకుండుట 1955 నాటి చట్టము ననుసరించి నేరము. చట్టము తలుపు తెఱచినది; కుర్చీ వేసినది; "ఏరా"ను "ఏమండీ"గా మార్చుట మాత్రము చట్టము చేతిలో లేదు. అది నాలుకల పని. ఆ నాలుకలు దిద్దబడవలసినది ఇండ్లలోను బడులలోను. తన తాతను "ఏరా" యని పిలిచిన భాషలో మఱునాడు మేము ఆ పిల్లవానికి మర్యాదా పాఠము చెప్పవలెను గదా! ఏ ముఖముతో చెప్పుదుము?

ఈ మందలింపు యజమానుల కొక్కరికే కాదు. వడ్డించువాని యెడ మన నడవడి యెట్లున్నది? చిటికె వేసి పిలుచువారము మనము. తినిన పళ్ళెములో చేయి కడిగి, దానిని మోయు పని మఱియొకనికి విడుచువారము మనము. అడిగి వడ్డించుకొనిన యన్నమును సగము విడిచి లేచువారమును మనమే. అన్నమును నిందింపవలదన్న తైత్తిరీయోపనిషత్తును పొగడువారమును మనమే. హోటళ్ళలో 14 ఏండ్లలోపు పిల్లలను పనికి పెట్టరాదని 10 అక్టోబరు 2006 నుండి నిషేధము కలదు. 2016లో ఆ నిషేధము ఇంచుమించు అన్ని పనులకును వ్యాపించినది. అయినను ఎచ్చటనైన ఒక చిన్నవాడు నీళ్ళు తెచ్చి పెట్టినప్పుడు వాని బడి యెక్కడని అడుగువారము ఎందఱము? ఇడ్లీ మెత్తగా లేదని చేసిన గోలలో పదవ వంతు దీనికి చేసినచో చాలును.

హోటలులో మనము కోరదగినవి పెద్ద కోరికలు కావు: కాచిన నీరు, ఉతికిన గుడ్డ, వ్రేళ్ళు మునుగని గ్లాసు, గోడమీద వెల, చేయి కడుగుటకు సబ్బు. వీనితో నొకటి చేర్చవలెను. అందఱికి ఒక్క మాట, ఒక్క గ్లాసు. మొదటి యైదును మనకు దక్కి ఆఱవది మన ప్రక్కబల్లవానికి దక్కకున్నచో ఆ భోజనము మనకును పూర్తిగా దక్కినది కాదు. చదువరులైన గృహస్థులు పిల్లలతో హోటలునకు పోయినప్పుడు ప్రక్కబల్లవానిని ఎట్లు పిలుచుచున్నారో ఒకమాఱు విని, విన్నదానికి తగినట్లు యజమానితో నెమ్మదిగా మాటాడవలెను. వాడుక విడువరానిది కనుకనే వర్తకుడు వాడుకరి మాట చెవి నిడును. కోయవాడు వచ్చి కూర్చున్నప్పుడు "ఏం కావాలండీ" యను మాట వినబడు హోటలు కలదేని, అచ్చట దోసె కొంచెము మాడినను మేము మరల అచ్చటికే పోవుదుము.