వేడి మీదే దొరికే రోగం

చల్లారిన ఇంజిన్‌ని చూపించి వేడి రోగం కనిపెట్టమంటే ఏ మెకానిక్ మాత్రం ఏం చేస్తాడు? మా పాత ఇంజెక్షన్ కారు పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే లేచేది. ఆత్మకూరు నుంచి అనుమసముద్రంపేట వచ్చి, దర్గా దగ్గర పావుగంట ఆపితే మొండికేసేది. షెడ్డుకి చేర్చేసరికి మళ్లీ మామూలే. ‘బానే ఉంది గదన్నా’ అనేవాడు మెకానిక్. మోకాళ్ల నొప్పులున్న అమ్మ మే ఎండలో రెండుసార్లు రోడ్డు పక్కన కూర్చున్నాక, ‘అమ్మేద్దాం అబ్బయా’ అన్నాడు నాన్న.

ఇంజిన్ ఆపాక కూడా పైపులో పెట్రోల్ ప్రెజర్ కాసేపు నిలవాలి. అది పడిపోతే వేడికి పెట్రోల్ ఆవిరై బుడగలు కడుతుంది. అందుకే వేడి మీదే పరీక్షించాను. సెల్ఫ్ కొట్టకుండా కీ ఆన్ చేసి, రెండు మూడు సెకన్లాగి ఆఫ్ చేయాలి. ఇలా మూడుసార్లు చేస్తే పంపు ప్రెజర్ పెంచుతుంది. అప్పుడు లేస్తే లోపం ప్రెజర్‌ది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే లేస్తే పెట్రోల్ ఎక్కువైనట్టు. ఇంజెక్టర్ కారుతుండొచ్చు, లేదా టెంపరేచర్ సెన్సర్ వేడి ఇంజిన్‌ని చల్లగా ఉందని చెబుతుండొచ్చు. స్పార్కే రాకపోతే ముందు క్రాంక్ సెన్సర్‌ని అనుమానించాలి.

మాది మూడో కీకి లేచింది. మెకానిక్ గేజ్ పెట్టి ఇంజిన్ ఆపగానే ముల్లు పడిపోయింది. ఇంజెక్టర్లు పొడిగానే ఉన్నాయి. పంపులోని చెక్ వాల్వ్ పట్టు వదిలేసింది. పంపు మార్చాక అమ్మకం మాట మళ్లీ రాలేదు.

గేజ్ పని మాత్రం మెకానిక్‌కే వదలండి. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్మితే నిప్పే.