ఫోను మోగలేదంటే రిపోర్టు బాగున్నట్టేనా?

వానాకాలం, వరినాట్ల రోజులు. కోటగిరిలో మా ఆస్పత్రి తలుపు తీసేసరికే ఒకావిడ అరుగుమీద కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసి చూపిస్తే కొంగునిండా ఎర్రటి మరకలు.

"సారూ, పొద్దుగాల పండ్లు తోముకుంటుంటే నెత్తురొచ్చింది. ఎంతకూ ఆగుతలేదు" అంది.

ఆవిడను నేనెరుగుదును. గుండెలోని మైట్రల్ కవాటం చెడిపోతే, కొన్నేళ్ళ క్రితం ఆరోగ్యశ్రీ కింద హైదరాబాదులో ఆపరేషను చేసి లోహపు కవాటం అమర్చారు. ఆ కవాటంమీద రక్తం గడ్డ కట్టకుండా రోజూ వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి. మందు చాలకపోతే గడ్డకట్టి కవాటం బిగుసుకుపోవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. మందు ఎక్కువైతే రక్తస్రావం. ఈ తూకం ఎలా ఉందో చెప్పేదే ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష. మందు వాడనివారిలో అది దాదాపు 1 ఉంటుంది. ఈవిడలాంటి వారిలో సాధారణంగా 2.5కూ 3.5కూ మధ్య ఉంచుతాం.

"నిన్ననే కదమ్మా మీ రక్తం తీసి నిజామాబాదు పంపింది?" అన్నాను.

"అవు సారూ. రిపోర్టు మంచిగ లేకుంటె మీరే ఫోను జేస్తరనుకున్న. ఫోను రాలే. మంచిగనే ఉన్నదనుకొని రాత్రి గోలి ఏసుకున్న."

కంప్యూటరు తెరిచి చూశాను. రిపోర్టు నిన్న సాయంత్రం 5 గంటలకే వచ్చి ఉంది. ఐ.ఎన్.ఆర్. 5.9! ఆ సమయాన నేను చూసి ఉంటే రాత్రి మాత్ర ఆపించేవాణ్ణి.

వెంటనే మందు ఆపించి, నిజామాబాదులోని గుండె డాక్టరుతో మాట్లాడి అక్కడికి పంపాను. అంకె ఎందుకు పెరిగిందో ఆరా తీస్తే, విరేచనాలకని మందుల షాపులో కొన్న మెట్రోనిడజోల్ మాత్రలు అయిదు రోజులుగా వేసుకుంటోందని తేలింది. అది వార్ఫరిన్ బలాన్ని పెంచే మందు. అదృష్టం కొద్దీ రక్తస్రావం చిగుళ్ళతోనే ఆగింది. మెదడులో అయి ఉంటే ఈ వ్యాసం మరోలా ఉండేది.

మరి నా ఫోను ఎందుకు మోగలేదు? తప్పు నాదే. రోజూ వచ్చే మెయిళ్ళలో మందుల కంపెనీల ప్రకటనలు, సమావేశాల ఆహ్వానాలు, బ్యాంకు కబుర్లు ఎక్కువ. వాటి మధ్య రిపోర్టులు కలిసిపోతున్నాయని, ల్యాబు నుంచి వచ్చే మెయిళ్ళన్నీ నేరుగా "రిపోర్టులు" అనే ఫోల్డరులోకి వెళ్ళేలా ఒక ఫిల్టరు పెట్టుకున్నాను. బల్ల సర్దుకున్నంత తృప్తిగా ఉండింది. కాని ఫోను మోగేది ఇన్‌బాక్సులోకి వచ్చిన ఉత్తరానికే. పక్క దారిన ఫోల్డరులోకి వెళ్ళినదానికి మోగదు. ఏది ముఖ్యమని విడిగా పెట్టుకున్నానో, దానికే గంట లేకుండా చేసుకున్నాను. ల్యాబువారు ఫోను చేయలేదా అని మీరడగవచ్చు. చేశారట. వారి వద్ద ఉన్నది మా పాత నంబరు. మార్చి ఇవ్వవలసింది నేనే.

పెద్దలకు పోస్టాఫీసు గుర్తుండే ఉంటుంది. ఉత్తరాలను ఊరివారీగా గళ్ళలో సర్దడం ఒక పని, ఇంటి ముందు నిలబడి "పోస్ట్!" అని కేకేయడం మరో పని. 2013 జులైలో ఆగిపోయిన టెలిగ్రాముకు గళ్ళతో పని లేదు, నేరుగా గుమ్మం ముందుకు వచ్చేది. సర్దడం వేరు, చెప్పడం వేరు. ఫిల్టరు మొదటి పనే చేస్తుంది. రెండోది కూడా చేయమని మనమే చెప్పాలి.

చెప్పే పద్ధతి కష్టం కాదు. ఆండ్రాయిడ్ ఫోనులో జీమెయిల్ వాడేవారు సెట్టింగుల్లో తమ ఖాతా తెరిచి, లేబుళ్ళ నిర్వహణలోకి వెళ్ళాలి. తమ ఫోల్డరు పేరు నొక్కి, ముందు దానికి సింక్ పెట్టి, తర్వాత నోటిఫికేషను పెట్టాలి. సింక్ లేనిదే రెండోది పనిచేయదు. ఇంతకన్నా సులువైన దారి, ఫిల్టరులో "ఇన్‌బాక్సు దాటవేయి" అనే గడిలో టిక్కు తీసేయడం. అప్పుడు ఉత్తరానికి లేబులూ పడుతుంది, ఇన్‌బాక్సులోనూ ఉంటుంది. కంప్యూటరులో ఔట్‌లుక్ వాడేవారు తాము పెట్టిన రూలులోనే "డెస్క్‌టాప్ అలర్టు చూపు" అనే చర్యను కలపాలి. ఏది చేసినా, చివరకు ఒక పరీక్ష మెయిలు పంపించుకుని గంట మోగిందో లేదో చెవులారా వినండి.

అయితే అన్ని ఫోల్డర్లకూ గంటలు కట్టేయండని కాదు నేననేది. ఐ.సి.యు.లో పనిచేసిన వారికి తెలుసు. యంత్రాలు అస్తమానం కూస్తుంటే, అసలైన కూత కూడా చెవికెక్కదు. దీన్ని అలారం ఫెటీగ్ అంటారు. ప్రకటనలకు మౌనం, రిపోర్టులకు గంట - అంతే.

ఇక పాఠకులకు నా సలహా. పరీక్షకు రక్తమిచ్చిన రోజే రిపోర్టు ఎప్పుడు వస్తుందో అడిగి రాసుకోండి. ఆ వేళకు కబురు రాకపోతే మీరే అడగండి. ఊళ్ళో ఉన్న తల్లిదండ్రుల రిపోర్టులు గల్ఫులో ఉన్న కొడుకు మెయిలుకు వచ్చే ఇళ్ళు మా ప్రాంతంలో ఉన్నాయి. అలాంటివారు దగ్గరున్న మరొకరి నంబరు కూడా ల్యాబులో ఇవ్వాలి. వార్ఫరిన్ వాడేవారు నొప్పికైనా, విరేచనాలకైనా డాక్టరునడగకుండా మాత్ర కొనుక్కోకూడదు. చిగుళ్ళనుంచి రక్తం, నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం, కారణం లేకుండా కమిలిన మచ్చలు, భరించలేని తలనొప్పి - వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం ఎదురుచూడక వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఆవిడ ఇప్పుడు బాగుంది. రక్తమిచ్చిన రోజు సాయంత్రం నా ఫోను మోగుతుంది. ముందు మెయిలు గంట. అయిదు నిమిషాలాగి ఆవిడ గొంతు:

"సారూ, నా నంబరు ఎంతొచ్చింది?"

రెండింటిలో నాకు ధైర్యమిచ్చేది ఆ రెండోదే.