కుంకుడుకాయల చుట్టాలు

మా అమ్మాయి గోళ్లరంగు తుడుచుకోడానికి చిన్న సీసా మూత తీసిందంటే గదంతా ఘాటెక్కుతుంది. అది ఎసిటోన్ వాసన. అది ముక్కుకు తగిలినప్పుడల్లా నా బుర్ర ఇంగ్లండుకు పోతుంది, 1917 నాటి ఆకురాలు కాలానికి.

ఆ ఏడు అక్కడి బళ్లో పిల్లలకు ఓ పని చెప్పారు. హార్స్ చెస్ట్‌నట్ చెట్ల కింద రాలిన గింజలు ఏరి బస్తాలకెత్తమని. మన కుంకుడు కుటుంబానికే చెందిన చెట్టది. నిగనిగలాడే గింజ, తినడానికి పనికిరాదు. పిల్లలు దారానికి గుచ్చి, ఒకరి గింజతో ఇంకొకరిది పగలగొట్టే ఆట ఆడతారు. యాభై కిలోల పైచిలుకు పోగేస్తే ఏడున్నర షిల్లింగులన్నారు. ఎందుకంటే మాత్రం, యుద్ధానికి. అంతే.

అసలు సంగతి దాచాల్సిందే మరి. ఫిరంగి గుండును గొట్టంలోంచి తోసే మందు కార్డైట్. నైట్రోగ్లిజరిన్, గన్‌కాటన్, కాస్త వాజలైన్ కలిపి ముద్దచేసి, జంతికలు వత్తినట్టు తాళ్లుగా వత్తేవారు. ఆ ముద్ద కుదరాలంటే ఎసిటోన్ ఉండాలి. కట్టెల్ని బట్టీపెట్టి తీసేది చాల్లేదు. మాంచెస్టర్‌లో ఖైమ్ వైజ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త (ఇజ్రాయెల్ తొలి అధ్యక్షుడు ఆయనే) మొక్కజొన్నను ఒక బాక్టీరియాతో పులియబెట్టి తీయడం కనిపెట్టాడు. మనం రాత్రిపూట దోసెల పిండి మూతపెట్టి వదిలేస్తామే, ఆ బాపతు పనే, సూక్ష్మజీవి వేరు. తీరా జర్మన్ జలాంతర్గాములు ఓడల్ని ముంచుతుంటే మొక్కజొన్నకూ కటకట వచ్చింది. అప్పుడు పెద్దల చూపు పిల్లల ఆటవస్తువు మీద పడింది.

నార్ఫోక్‌లోని కింగ్స్ లిన్ ఫ్యాక్టరీకి మూడు వేల టన్నులు చేరాయంటారు. రైళ్లు దొరక్క స్టేషన్లలోనే కుళ్లిపోయినవి వేరే. 1918 ఏప్రిల్‌లో వాటితో ఉత్పత్తి మొదలైంది. సరుకు నాసిరకమని తేలి జూలైకల్లా ఆపేశారు.

అన్నలు ఫ్రాన్స్ కందకాల్లో ఉండగా, తమ్ముళ్లు చెట్ల కింద వంగి ఏరుతున్నారు. వాళ్లలో ఒక్కడైనా, గట్టి గింజ చేతికి తగిలితే, టీచరు అటు తిరగ్గానే జేబులో వేసుకుని ఉంటాడు. సాయంత్రం ఆటకి.