నాన్న డి డ్రైవ్

"ఎర్రర్: నో సచ్ పార్టిషన్." దాని కింద "గ్రబ్ రెస్క్యూ>", పక్కనే మినుకుమినుకుమంటూ కర్సర్. సంక్రాంతికి తెనాలి వెళ్లి నాన్న పాత కంప్యూటర్‌ని నేను బాగుచేసిన తీరు ఇది. వంటింట్లోంచి అరిసెల వాసన వస్తోంది. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు.

ఆ పెట్టెకి విలువేం లేదు. ఎక్స్‌పీ, 160 జీబీ డిస్క్. విలువంతా డి డ్రైవ్‌ది. డీటీపీ సెంటర్ నడిపినన్నాళ్లూ నాన్న కొట్టిన అక్షరాలన్నీ అందులోనే ఉన్నాయి. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఎన్నికల కరపత్రాలు, సొంత డబ్బుతో అచ్చేయించుకున్న కవుల పుస్తకాలు. అన్నీ పేజ్‌మేకర్ ఫైళ్లు, అను ఫాంట్లు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అందుకే దాన్ని కదపలేదు. ప్రతి పండక్కీ బ్యాకప్ తీద్దామనుకోవడం, తిని పడుకుని బస్సెక్కేయడం.

ఇంజినీరింగ్ రోజుల్లో అందులో ఉబుంటు కూడా ఎక్కించాను. ఎవరూ వాడట్లేదు కదా, తీసేసి ఆ చోటు నాన్నకిద్దామని పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి జీపార్టెడ్ తెరిచాను. అక్కడ సీ, డీ అని ఉండదు. ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ5, ఎస్‌డీఏ6. ఉబుంటు ఉన్నది 6లో. నేను పీకేసింది 5ని. లాజికల్ పార్టిషన్లలో ముందుది పోతే వెనకది దాని నంబర్‌లోకి జరుగుతుంది. అలా 6 కాస్తా 5 అయింది. గ్రబ్ పాపం 6 కోసం వెతికి చేతులెత్తేసింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు నాన్నా, అప్‌డేట్ అవుతోంది."

ఆయన ఏమీ అనలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. అదింకా భయమేసింది.

పార్టిషన్ తీసేస్తే ఫైళ్లు చెరిగిపోవు. అది ఎక్కడ మొదలై ఎంత మేర ఉందో చెప్పే నమోదు మాత్రమే పోతుంది. ఆ నమోదు 16 బైట్లు. యూటీఎఫ్-8లో "తెనాలి" అని రాయడానికే 18 కావాలి! అది తెలుసు కాబట్టి ఆ రోజు ఒక్క పని సరిగ్గా చేశాను: డిస్క్ మీద ఇంకేమీ రాయలేదు. "మళ్లీ ఇన్‌స్టాల్ కొట్టెయ్, అదే సర్దుకుంటుంది" అనే స్నేహితులు అందరికీ ఉంటారు. నాకూ ఉన్నాడు. ఫోన్ పెట్టేశాను. అతని మాట వింటే నిజంగానే పోయేవి.

మళ్లీ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి, ఫోన్ ఇంటర్నెట్ కలిపి టెస్ట్‌డిస్క్ దించుకున్నాను. అది డిస్క్‌ని ఈ చివర్నుంచి ఆ చివరికి తడుముతూ, పార్టిషన్ మొదళ్ల ఆనవాళ్లు వెతుకుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఒక వరుస పడింది. "పి" నొక్కితే ఫోల్డర్ల పేర్లు వచ్చాయి. నాన్న ముందుకు వంగి ఒక్కోటీ చదవసాగారు. "ఇది మన వీధి చివరి మాస్టారిది. పోయారులే."

ఆయనకి అంతా ముందే తెలుసన్నమాట.

ఫోల్డర్లన్నీ నా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసుకున్నాకే "రైట్" కొట్టాను. రీస్టార్ట్. 5, 6 మళ్లీ ఎవరి చోట వాళ్లు. మెనూ వచ్చింది, ఎక్స్‌పీ లేచింది.

నాన్న ముందుగా తెరిచింది మాస్టారి కవితల పుస్తకమే. మూడో పేజీ దగ్గర ఆగారు.

"ఇక్కడ వత్తు తప్పు పడింది. అచ్చయ్యాక చూశాను. ఆయనకి చెప్పలేదు."

కళ్లజోడు సర్దుకుని, ఆ వత్తు దిద్ది, సేవ్ చేశారు.